రెండు కొసల ముడి



మాది షోలాపూర్ పూర్వభాగం. మా ఇంట్లో ముందు గదిలో పగలంతా పవర్‌లూమ్ నడుస్తుంది. వెనక గదిలో సాయంత్రం ఆరున్నర దాటాక నా కంప్యూటర్ క్లాసు మొదలవుతుంది. వచ్చేవాళ్లంతా మా సందుల పిల్లలే. నాయన మగ్గం మీద, అమ్మ బీడీల చాట ముందు. మాటల్లో సగం తెలుగు, సగం మరాఠీ. ఆ వెనక గదిలో ఈ మధ్య మేం చేసిన ఒక పని గురించి ఈ రోజు మీకు చెబుతాను.

విషయం అంతరిక్షం. కంగారుపడకండి. లెక్కలేమీ చెప్పను. మగ్గం తెలిసినవాళ్లకి, ఖాతా పుస్తకం తెలిసినవాళ్లకి ఇదంతా ఇట్టే అర్థమవుతుంది.

మా పిల్లలు కంప్యూటర్‌లో అంతరిక్ష నౌకలు నడుపుతారు. అలా నడిపించే ప్రోగ్రామును సిమ్యులేటర్ అంటారు. చూడటానికి ఆటలా ఉంటుంది. కానీ లోపల భూమి ఆకర్షణ, కక్ష్య, వేగం, అన్నీ నిజమైన లెక్కలే. మేం వాడేదాని పేరు ఆర్బిటర్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రవేత్త దాన్ని రాశారు. 2000లో మొదటిసారి బయటికొచ్చింది. అప్పట్నుంచీ ఉచితమే. 2021లో ఆయన దాని అసలు కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు. అంటే లోపల ఏముందో మా సందులో పిల్లాడు కూడా తెరిచి చూడొచ్చు. నేర్చుకోవచ్చు. ఫీజు కట్టలేని పిల్లలకు ఇంత పెద్ద బడి ఇచ్చినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు శ్రీహరికోటకు పోదాం. 2024 డిసెంబర్ 30 రాత్రి అక్కడి నుంచి పీఎస్ఎల్‌వీ సీ60 లేచింది. స్పేడెక్స్ ప్రయోగం, మీకు గుర్తుండే ఉంటుంది. రెండు చిన్న ఉపగ్రహాలు. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. ఆ రెండూ పైన ఒకదాని దగ్గరికి ఒకటి చేరి, అతుక్కోవాలి. ఇస్రోవాళ్లు తొందరపడలేదు. జనవరి 12న మూడు మీటర్ల దూరం దాకా తెచ్చి, మళ్లీ వెనక్కి జరిపారు. జనవరి 16న కలిపారు. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది. ఆ సాయంత్రం మా క్లాసులో పేడాలు పంచుకున్నాం.

పేపర్లన్నీ కలవడం గురించే రాశాయి. నాకైతే విడిపోయిన రోజే ఇంకా పెద్ద రోజనిపిస్తుంది. అది మార్చి 13. ఒక్కో మెట్టు దిగినట్టు చేశారు. ముందు ఒక ఉపగ్రహం అతుకు భాగాన్ని బయటికి చాపారు. తర్వాత పట్టుకున్న కొక్కేన్ని వదిలించారు. ఆఖరున, పట్టు విడవమని రెండు ఉపగ్రహాలకూ ఆదేశమిచ్చారు. వినండి. రెండింటికీ. ఒకదానికి చెప్పి ఊరుకోలేదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. ముడికి రెండు కొసలుంటాయి. విప్పితే రెండు కొసలూ విప్పాలి.

స్పేడెక్స్ చూశాక మా పిల్లలకు ఆశ పుట్టింది. ఆ ప్రయోగాన్ని మన కంప్యూటర్‌లో మనమే చేద్దాం అన్నారు. ఆర్బిటర్‌లో పీఎస్ఎల్‌వీ నాలుగో అంచె బొమ్మ చేశారు. దాని మీద రెండు ఉపగ్రహాలు పెట్టారు. పైకి పోయాక విడిచిపెట్టాలి. అవి తిరిగి, కలిసి, అతుక్కోవాలి. దానికి కావలసిన కోడ్ మేమే రాసుకున్నాం. మొదటి రోజు బాగానే నడిచింది. చప్పట్లు కొట్టాం. రెండో రోజు ఇంకో మాట కలిపాం. ఉపగ్రహాల్ని విడిచాక ఖాళీ అంచెతో పనిలేదు కదా, దాన్ని తుడిచేయమన్నాం. తుడిచేసింది. సరిగ్గా రెండు నిమిషాలకు సిమ్యులేటర్ ఆగిపోయింది. తెర నల్లబడింది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పది నిమిషాలు నడిచి ఆగింది. మూడోసారి ఆగలేదు, కానీ ఒక ఉపగ్రహం ఉన్నట్టుండి భూమి అవతలి వైపుకు ఎగిరిపోయింది.

ఒక్కోసారి ఒక్కో రకం. అది చూస్తేనే నాకు అనుమానమొచ్చింది. లెక్క తప్పయితే ప్రతిసారీ ఒకేలా తప్పుతుంది. రోజుకో తీరుగా తప్పుతోందంటే, ఎక్కడో ఒక కొస వదులుగా వేలాడుతోందన్నమాట.

మగ్గం ఉన్న ఇళ్లవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బీము అయిపోయినప్పుడు ఏం చేస్తాం? పాత పడుగు కొసల్ని అచ్చులోంచి, పన్నెలోంచి తీసేయం. అలాగే ఉంచుతాం. కొత్త బీము పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా అతుకుతాం. మా మేనత్త ఆ పని చేస్తుంటే చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాణ్ణి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకునేది. పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి, రెంటినీ కలిపి బొటనవేలితో ఒక్క మెలి. మళ్లీ తర్వాతి పోగు. వందల పోగులు, వేల పోగులు. ఒక్కటి మరిచిపోయిందనుకోండి. ఆ కొస ఊరికే ఉండదు. పక్క పోగులకు చుట్టుకుంటుంది. పన్నె దగ్గరికి వచ్చేసరికి నాలుగు మంచి పోగుల్ని తెంపుతుంది. తప్పు జరిగింది ఒకచోట. తెగింది ఇంకోచోట. మనం తెగినచోట చూసి ముడేస్తూ కూర్చుంటే ఆ రోజంతా ముడులేస్తూనే ఉండాలి.

కంప్యూటర్‌లోనూ అంతే. ఆగిపోయినచోటే తప్పు ఉండాలని లేదు. చాలాసార్లు అది వెనకెక్కడో జరిగిపోయి ఉంటుంది. వెనక్కి పోవాలి.

వెనక్కి పోయి చూద్దాం. ఆర్బిటర్‌లో నడుస్తున్న ప్రయాణాన్ని దాచుకుంటే ఒక మామూలు ఫైలు తయారవుతుంది. తెరిస్తే అక్షరాలే ఉంటాయి. అందులో ఒక్కో నౌకకూ ఒక భాగం. రెండు నౌకలు అతుక్కుని ఉంటే, మొదటి నౌక భాగంలో డాక్‌ఇన్ఫో అని ఒక వరుస కనబడుతుంది. నా ఫలానా నంబరు తలుపు, ఫలానా నౌక ఫలానా నంబరు తలుపుతో కలిసి ఉంది, అని దాని అర్థం. రెండో నౌక భాగానికి పోతే అక్కడా అలాంటి వరుసే. నా తలుపు దాని తలుపుతో కలిసి ఉంది, అని. ఒకే ముడి. రెండు చోట్ల రాత.

బీడీలు చేసే అక్కలకు, అమ్మలకు ఈ పద్ధతి బాగా తెలుసు. ఆకు ఇంత, తంబాకు ఇంత ఇచ్చామని వాళ్ల పుస్తకంలో రాస్తారు. మన పుస్తకంలోనూ రాస్తారు. బీడీలు కట్టి అప్పజెప్పినప్పుడు రెండు పుస్తకాల్లోనూ కొట్టేయాలి. ఒక దాంట్లో కొట్టేసి ఇంకో దాంట్లో మరిచిపోతే? వారం తర్వాత కౌంటర్ దగ్గర గొడవ. నేను ఇచ్చేశానంటే, ఇవ్వలేదంటారు. మా అమ్మ ఆ పుస్తకాన్ని దేవుడి పటం వెనక పెట్టుకునేది. అప్పజెప్పి వచ్చిన ప్రతిసారీ నాచేత చదివించి, గీత కొట్టారో లేదో చూపించమనేది. మా అమ్మకు చదువు రాదు. కానీ రెండు చోట్ల రాసింది రెండు చోట్లా కొట్టేయాలని తెలుసు. మా క్లాసులో మొదటి పాఠం ఇప్పుడు అదే.

ఇలాంటి గొడవ పేరున్న ఆటల్లోనూ వచ్చింది. మెక్సికోలో తయారై 2011లో బయటికొచ్చిన కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అని ఇంకో సిమ్యులేటర్ ఉంది. ప్రపంచమంతా లక్షలమంది ఆడారు. అందులో అతుకు తలుపు ప్రతిదానికీ ఒక స్థితి ఉంటుంది. ఒకటి నేను అతుక్కున్నదాన్ని అంటుంది. ఇంకొకటి నన్ను అతుక్కున్నారు అంటుంది. కొన్నిసార్లు ఈ రెండు మాటలకూ పొంతన తప్పేది. అప్పుడు విడిపొమ్మనే బటనే కనబడేది కాదు. నౌకలు శాశ్వతంగా బిగుసుకుపోయేవి. ఆడేవాళ్లు దాచిన ఫైలు తెరిచి, రెండు తలుపుల రాతనూ చేత్తో దిద్దుకుని బయటపడేవాళ్లు. రెండు పుస్తకాల పేచీయే అది కూడా.

సరే, మా తప్పు దగ్గరికొద్దాం. ఆర్బిటర్‌లో నౌకలు కలవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి డాకింగ్. ఇది కొంగుముడి లాంటిది. రెండూ సమానం. కలిశాక రెండింటి బరువూ కలిపి ఒకే శరీరంగా కదులుతాయి. రెండోది అటాచ్‌మెంట్. ఇది తల్లి చంకన బిడ్డ లాంటిది. తల్లి ఎటు పోతే బిడ్డ అటే. సిమ్యులేటర్ లెక్కలో మాత్రం బిడ్డ బరువు తల్లి మీద పడదు. మేం ఉపగ్రహాల్ని నాలుగో అంచెకు ఈ రెండో పద్ధతిలో తగిలించాం. విడిచిపెట్టాం. తల్లిని తుడిచేశాం.

ఆర్బిటర్ తన పని తను సరిగ్గానే చేసింది. తన పుస్తకంలో ముడి విప్పుకుంది. కానీ మా కోడ్‌కి వేరే ఒక పుస్తకం ఉంది. ఉపగ్రహం ఎంత దూరం పోయిందో చూపించడానికి, తల్లి ఎక్కడుందో దాని చిరునామా మేం రాసిపెట్టుకున్నాం. తల్లి పోయింది. చిరునామా మా పుస్తకంలో మిగిలిపోయింది. ప్రతి క్షణం మా కోడ్ ఆ చిరునామాకు పోయి తలుపు కొడుతోంది. అక్కడ ఎవరూ లేకపోతే, ఆగిపోయింది. ఒక్కోసారి ఆ ఖాళీ చోటులోకి కంప్యూటర్ ఇంకేదో తెచ్చిపెట్టింది. అప్పుడు ఎవరో పరాయివాళ్లు తలుపు తీశారు. వాళ్లు చెప్పిందే నిజమనుకుంది మా కోడ్. ఉపగ్రహం భూమి అవతలికి ఎగిరిపోయింది అందుకే.

ఇది మనందరి ఇళ్లలోనూ జరుగుతుంది. మీరు ఒక ఫోన్ నంబరు వాడటం మానేస్తారు. కొన్నాళ్లకు కంపెనీ దాన్ని వేరేవాళ్లకు ఇస్తుంది. కానీ మీ బ్యాంకులో పాత నంబరే ఉంది. డబ్బు తీసినప్పుడల్లా ఆ మెసేజ్ ఎవరికో పోతుంది. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తుతారు. ఎత్తారు కాబట్టి నంబరు సరైనదే అనుకుంటే మోసపోతాం.

ఈ చివరి మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే మా పిల్లలు ఇక్కడే పడ్డారు. ఆర్బిటర్‌లో ఒక సదుపాయం ఉంది. ఈ చిరునామాలో నౌక ఉందా అని అడగొచ్చు. ఉంది, లేదు అని చెబుతుంది. మా పిల్లలు దాన్ని వాడి, ఇక సరిపోయిందన్నారు. ఆగిపోవడం తగ్గింది. పూర్తిగా పోలేదు. ఎందుకు? అదే చోటులో కొత్త నౌక వచ్చి కూర్చుంటే, ఉంది అనే జవాబే వస్తుంది. ఉన్నది నిజమే. మనం వెతికే నౌక మాత్రం అది కాదు. అడగడం మంచి అలవాటే. కానీ పాత నంబరును పుస్తకంలోంచి కొట్టేయడానికి అది బదులు కాదు.

మరి ఎప్పుడు కొట్టేయాలి? నౌకను తుడిచే ముందు ఆర్బిటర్ ఒక కబురు పంపుతుంది. ఫలానా నౌక పోబోతోంది, మీ పుస్తకాలు చూసుకోండి, అని. మా కోడ్ ఆ కబురు వినడం లేదు. అంతే. ఇప్పుడు వింటుంది. కబురు రాగానే మా పుస్తకమంతా వెతికి, ఆ నౌక పేరున్న ప్రతి వరుసనూ కొట్టేస్తుంది. ఇది పది వరుసల కోడ్. కనుక్కోవడానికి పన్నెండు సాయంత్రాలు పట్టింది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మగ్గం నడిపేవాళ్లకు ఇది బాగా పడుతుంది. నడుస్తున్న మగ్గాన్ని ఎక్కడ పడితే అక్కడ ఆపరు కదా. నాడె, అదే మన ధోటా, పడుగు మధ్యలో ఉండగా పన్నె వచ్చి కొట్టిందనుకోండి. ఒక్క దెబ్బకు గుత్తులుగా పోగులు తెగుతాయి. నాడె పెట్టెలోకి చేరాలి. అప్పుడే ఆపాలి. సిమ్యులేటర్‌కీ అలాంటి దెబ్బలుంటాయి. సెకనుకు ఎన్నోసార్లు, అది నౌకలన్నింటినీ వరసగా పలకరించుకుంటూ పోతుంది. నువ్వెక్కడ, నీ వేగమెంత, అని. ఆ వరస మధ్యలో ఒక నౌకను పీకేస్తే, పలకరించే చెయ్యి గాల్లో ఆగిపోతుంది. అందుకే ఆర్బిటర్ తుడిచేయమన్న వెంటనే తుడవదు. ఆ వరస ముగిసేదాకా ఆగి, అప్పుడు తుడుస్తుంది. మేం మా సొంత జాబితాలో ఆ ఓపిక పట్టలేదు. జాబితా చదువుతూ చదువుతూనే అందులోంచి పేర్లు పీకేశాం. ఇప్పుడు పోవలసినవాటి పేర్లు వేరే చీటీ మీద రాసుకుంటున్నాం. వరస అయ్యాకే తీసేస్తున్నాం. నాడె పెట్టెలోకి చేరాక.

ఇంకా ఒక పని చేశాం. కోడ్ అంతా వెతికితే, ముడి వేసే చోట్లు ఏడు కనబడ్డాయి. విప్పే చోట్లు నాలుగే. ఏడుగురు కట్టి నలుగురు విప్పితే ఏమవుతుంది? మూడు ముళ్లు ఎప్పటికీ ఉండిపోతాయి. అన్నీ తీసేశాం. ముడి వేయడానికి ఒకే ఒక తలుపు పెట్టాం. అందులోంచి పోతే రెండు పుస్తకాల్లోనూ రాత పడుతుంది. విప్పడానికీ ఒకటే తలుపు. అందులోంచి పోతే రెండు పుస్తకాల్లోనూ గీత పడుతుంది. తుడిచేసే పని కూడా ముందు ఆ విప్పే తలుపులోంచే పోవాలి. పక్కదారి లేదు. ఇది మీరు ప్రోగ్రాములు రాసేవారైతే గుర్తుపెట్టుకోండి. రాయకపోయినా, ఖాతా పుస్తకం ఉన్న ఏ దుకాణానికైనా పనికొస్తుంది.

ఇక మిగిలింది ఖాళీ బీముల సంగతి. కార్ఖానాలో బీము అయిపోతుంది. కొత్తది ఎక్కిస్తారు. పాతది మూలకు నెడతారు. రేపు పంపుదామంటారు. నెల తిరిగేసరికి ఆ మూలంతా నిండుతుంది. నడిచే దారి పోతుంది. ఒక్క బీము వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. యాభై అయితే మగ్గం దగ్గరికే పోలేం. మా కోడ్‌లోనూ అదే జరిగింది. ప్రయోగం మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ, పాత ఉపగ్రహాల సామాను కొంత కంప్యూటర్ జ్ఞాపకంలో ఉండిపోయేది. మొదటి గంట ఏమీ తెలియదు. మూడో గంటకు తెర నత్తలా నడుస్తుంది.

దాన్ని పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. లెక్కపెట్టడం వస్తే చాలు. ఒక చిన్న పరీక్ష రాశాం. రెండు నౌకలు పుట్టించు. కలుపు. ఒకదాన్ని తుడిచేయ్. మిగిలినదాని తలుపు ఖాళీగా ఉందా చూడు. దాన్నీ తుడిచేయ్. ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. సున్నా రావాలి. ఇలా వెయ్యిసార్లు. మొదటి రాత్రి లెక్క వెయ్యి వచ్చింది. అంటే ప్రతిసారీ ఒకటి మిగిలిపోతోంది. ఎంత కచ్చితమైన తప్పో చూడండి. అలాంటి తప్పు దొరికితే సంతోషపడాలి. దాచుకోకుండా తన ఉనికి తనే చెప్పేసింది.

నిజమైన ఆకాశంలో ఈ ఊడ్చే పని ఇంకా కష్టం. అక్కడ తుడిచేసే బటన్ లేదు. 2009 ఫిబ్రవరి 10న అమెరికావాళ్ల ఇరిడియం ఉపగ్రహం, పనిచేయని ఒక రష్యా ఉపగ్రహం గుద్దుకున్నాయి. వేల ముక్కలయ్యాయి. మన స్పేడెక్స్‌ను మోసిన నాలుగో అంచెను మాత్రం అలా వదిలేయలేదు. దాని మీద 24 చిన్న పరికరాలు పెట్టి, పోయెమ్-4 అని పేరు పెట్టి, కొన్నాళ్లు పని చేయించుకున్నారు. అంతకుముందే, ఉపగ్రహాల్ని విడిచాక, దాని కక్ష్యను 350 కిలోమీటర్లకు దించారు. పేలే ప్రమాదం లేకుండా మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేశారు. 2025 ఏప్రిల్ 4న అది వాతావరణంలోకి దిగి, హిందూ మహాసముద్రం వైపు పోయింది. మేం ఒక్క మాటతో తుడిచేసి చిక్కుల్లో పడ్డ అంచె ఇదే. ఆ సంగతి తెలిశాక మా పిల్లలు తుడిచేసే ఆ వరుసను తీసేశారు. మన అంచెనూ అలాగే కిందికి దించుదాం సార్ అన్నారు. ఇప్పుడు ఆ కోడ్ రాస్తున్నారు.

మొన్న రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం పోయిన మర్నాడు, మూడు నౌకల గొలుసులు కూడా కొన్ని కలిపి, ఆ లెక్క పరీక్ష మళ్లీ నడిపాం. రాత్రి పదకొండు దాటింది. ముందు గదిలో మగ్గం ఆపేశారు. మా నాయన వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి. ఏందిరా లెక్క, అన్నాడు. వెయ్యిసార్లు కట్టి వెయ్యిసార్లు విప్పుతోంది నాయనా, అన్నాను. ఎన్ని మిగిలినయ్, అన్నాడు. రెండు, అన్నాను.

ఆ రెండూ ఎక్కడివో తెలిసింది. ఉపగ్రహం ఇంకో ఉపగ్రహాన్ని మోస్తూ, అది మళ్లీ మూడోదాన్ని మోస్తున్నప్పుడు, మధ్యదాన్ని తుడిస్తే చివరిది అనాథ అవుతోంది. తల్లి చంకన బిడ్డ, ఆ బిడ్డ చేతిలో బొమ్మ. బిడ్డ ముడి విప్పాం, బొమ్మ ముడి మరిచాం. ఇవాళ సాయంత్రం ఆరున్నరకు దాని మీద కూర్చుంటాం. మీ పిల్లలకు ఆసక్తి ఉంటే పంపండి. కోడ్ రాకపోయినా ఫర్వాలేదు. పోగులు అతకడం చూసిన కళ్లయితే చాలు.